ఇంటి వాకిట పుట్టిన జంటపడవ: ఒక పరిశీలన

కోరమాండల్ తీరపు జాలరులు దుంగలను తాళ్ళతో కట్టి సముద్రం మీదికి తీసికొనిపోతూ వచ్చిన తెప్పకు తమిళంలో కట్టుమరమని పేరు. కట్టు అనగా కట్టుట, మరం అనగా మ్రాను. ఈ మాటయే ఆంగ్లంలో ప్రవేశించి కాటమరాన్ అయినది. అయితే నేడు ఆ పేరుతో పిలిచే విహారనౌక మన తెప్ప కాదు. రెండు సన్నని పడవలను ఎడంగా నిలిపి, అడ్డదూలాలతో కలిపి, తెరచాప ఎత్తిన జంటపడవ అది. దాని మూలరూపం పసిఫిక్ దీవులలోని పాలినీషియనులది.

ఈ జంటపడవను సామాన్యుని చేతికి అందించిన వారిలో ముఖ్యుడు ఇంగ్లండు దేశీయుడైన జేమ్స్ వారమ్ (1928–2021). 1954లో ఆయన స్వయంగా 23½ అడుగుల ‘టాంగరోవా’ను నిర్మించి, మరుసటి సంవత్సరం ఇద్దరు జర్మన్ యువతులతో బయలుదేరి అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటినారు. ఆ పడవ కొయ్యను ఓడపురుగులు తొలిచివేసినవి. పేరుకు పురుగే గాని ఇది ఆల్చిప్పల వర్గానికి చెందిన జీవి. తరువాత ట్రినిడాడ్ దీవిలో ఆయన నిర్మించిన 40 అడుగుల ‘రొంగో’ 1959లో న్యూయార్కు నుండి ఐర్లండుకు చేరినది. అటుపిమ్మట ఆయన గీచిన నమూనాపటాలను ఎందరో కొని, ప్లైవుడ్డుతో తమ ఇంటి వాకిటనే పడవలు కట్టుకొన్నారు.

ఈ పద్ధతిలోని గుణమేమిటి? ఒంటి పడవ ఒరిగిపోకుండా అడుగున సీసమో ఇనుమో బరువుగా అమరుస్తారు. జంటపడవకు ఆ బరువు అక్కరలేదు, వెడల్పే దానికి స్థిరత్వం. నీరు నిండినా కొయ్య తేలుతుంది. కాని పెనుగాలికి ఒకసారి తలక్రిందులైతే తనంతట తాను లేవదు. అందుకే వారమ్ తెరచాపలను తక్కువ ఎత్తులోనే ఉంచినారు. ఇది వివేకవంతమైన నిర్ణయం.

ఇక లోపం. ‘రొంగో’ మొదలుకొని ఆయన పడవల అడుగు ‘వీ’ ఆకారంలో ఉంటుంది. ప్లైవుడ్డు పలకలతో దానిని కట్టడం సులభం. పడవ ప్రక్కకు జారిపోవుటను కూడ అది కొంత అరికడుతుంది. అయితే విద్యార్థులు ఒక లెక్క చేసి చూడవచ్చును. నీటిలో మునిగిన అడ్డుకోత వైశాల్యం ఒకటే అయినప్పుడు, అర్ధవృత్తపు అంచుకన్న లంబకోణపు ‘వీ’ అంచు సుమారు 13 శాతం ఎక్కువ. కోణం 60 డిగ్రీలైతే దాదాపు 21 శాతం ఎక్కువ. అంచు పెరిగినకొద్దీ నీటి రాపిడి పెరుగుతుంది. కావున పిల్లగాలికి ఈ పడవ మందగిస్తుంది. కట్టేవాని సౌలభ్యానికి నడిపేవాడు చెల్లించే మూల్యమిది.

అంతకన్న పెద్ద ప్రశ్న ఆ పడవ చేయి మారినప్పుడు వస్తుంది. ఒకే పటాన్ని చూచి ఇద్దరు కట్టిన పడవలు ఒకటి కావు. ఎపాక్సీ జిగురులోని రెండు ద్రవాలను సరియైన పాళ్ళలో కలుపకపోతే అది గట్టిపడదు. బోల్టు కోసం తొలిచిన రంధ్రానికి లోపల పూత వేయకపోతే వాననీరు ప్లైవుడ్డు పొరలలోనికి దిగుతుంది. కొయ్యను పుచ్చిపోజేసే శిలీంధ్రాలకు ఉప్పునీటికన్న వాననీరే అనుకూలం. పైన నిగనిగలాడే రంగు, లోపల చీకిన చెక్క. కొనేవాడు వారమ్ పేరు చూచి డబ్బిస్తాడు. అతడు నిజంగా కొంటున్నది మాత్రం ఎన్నడూ ఎరుగని ఒక ఇంటి వడ్రంగి పనితనాన్ని. నడిసముద్రంలో ఆ తేడాకు ప్రాణమే వెల.

విచిత్రమేమంటే దీనికి పరిష్కారపు సూత్రం వారమ్ పడవలలోనే ఉన్నది. తరువాతి కాలపు నమూనాలలో ఆయన అడ్డదూలాలను బోల్టులతో బిగింపక తాళ్ళతో కట్టించినారు. అలలకు రెండు పడవలు కొద్దిగా కదిలినా ఆ కట్టు సాగి, ఒత్తిడి ఒకచోట చేరకుండా చూస్తుంది. అంతేకాదు, తాడు అరిగితే బాలుడైనా చూచి చెప్పగలడు, సాయంకాలానికి మార్చవచ్చును. బోల్టు తుప్పు అట్లు కనిపించదు. అనగా లోపాన్ని కంటికి కనిపించే చోటికి తెచ్చినారు. పేరులోని ‘కట్టు’ ఇక్కడ సార్థకమైనది. జిగురు అతుకుల విషయంలో ఈ సూత్రం సాగలేదు.

ఆ కొరతను కట్టేవాడే తీర్చాలి. ఏ కొయ్య, ఏ జిగురు, ఏ తేదీన వాడినదీ పుస్తకంలో వ్రాయాలి. మూతపడబోయే ప్రతి అతుకుకూ ముందుగా ఛాయాచిత్రం తీయాలి. ప్లైవుడ్డు తుంపులను దాచిపెట్టాలి. కొనేవాడు ఆ తుంపును నీటిలో ఉడికించి పొరలు విడివడునేమో చూడవచ్చును. చిన్న కొయ్యసుత్తితో పడవ అంతటా తట్టి చూడాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది బొద్దుగా పలుకుతుంది. అనుమానమున్నచోట రంగు గీకి, ములుకుతో గుచ్చి చూడాలి. అందుకు అమ్మేవాడు ఒప్పుకొనకపోతే బేరం విడిచిపెట్టుట మేలు.

సముద్రయానం ధనవంతులకే గాక ఇతరులకు కూడ సాధ్యమని వారమ్ నిరూపించినారు. ఆ ఘనత తగ్గదు. కాని నమూనాపటం ఎంత మంచిదైనా, దానిని చూచి కట్టిన ప్రతి పడవకూ అది పూచీపత్రం కాజాలదు.