ఎగరలేని గద్దకు చోటెక్కడ?

సంక్రాంతితో పాటే గాలిపటాల సందడి ముగుస్తుంది. కానీ హైదరాబాదు చెట్లకు చుట్టుకున్న మాంజా నెలల తరబడి అక్కడే వేలాడుతూ గద్దల రెక్కలు కోస్తుంటుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. దుకాణాల్లో దొరుకుతూనే ఉంది, అది వేరే సంగతి. గాయపడిన గద్దకు కుట్లు వేశారు, కోలుకుంది, వదిలేశారు అన్న వార్తలు చదువుతుంటాం. కోలుకున్నా ఎగరలేని గద్ద గురించి ఎవరూ రాయరు. గద్ద రెక్క ముందంచున, భుజం నుంచి మణికట్టు దాకా, పల్చటి చర్మం సాగి ఉంటుంది. మాంజా దాన్ని తెగ్గోస్తే ఎముక విరగకపోయినా, పుండు మానిపోయినా, ఆ చర్మం ముడుచుకుపోయి రెక్క పూర్తిగా విచ్చుకోకపోవచ్చు. ముడుచుకుని కూర్చున్నప్పుడు చూస్తే రెక్కకు ఏ లోపమూ ఉన్నట్టే అనిపించదు. గాలిలో తేలుతూ తిండి వెతుక్కునే పక్షికి మాత్రం సగం విచ్చుకున్న రెక్కతో బతుకు సాగదు.

ఇలాంటి పక్షి విషయంలో మొదట వినిపించే ప్రశ్న ‘దీన్ని ఎవరు తీసుకుంటారు?’ అనే. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందంటాను: ఈ పక్షి, ఈ ఒక్క పక్షి, పంజరంలో బతకగలదా? దీనికి జవాబు జాతిని బట్టి మారుతుంది, ఒకే జాతిలో పిట్టపిట్టకూ మారుతుంది. గద్దలు చెత్తకుప్పల దగ్గర మనుషుల మధ్యే తిరుగుతాయి, సాయంత్రం గుంపుగా ఒకే చెట్టు మీద వాలతాయి. అందుకే తోటి గద్దలున్న పెద్ద పంజరంలో చాలావరకు సర్దుకుంటాయి. షిక్రా డేగ అలా కాదు. మనిషి కనబడితే చాలు, వైరుజాలీ మీదికి దూకి ఈకలు విరగ్గొట్టుకుంటుంది, ముక్కు పైభాగం చీల్చుకుంటుంది. పక్షి నోరు విప్పి చెప్పదు కానీ దాని ఒళ్ళు చెబుతుంది. తనంతట తాను తింటోందా, ఈకలు సవరించుకుంటోందా, ఎండ కాచుకుంటోందా, ఒక కాలు పైకి మడిచి నింపాదిగా నిలబడుతోందా? వారాల తరబడి చూసినా వీటిలో ఏదీ కనబడకపోతే, ఎంత మంచి పంజరం కట్టినా దానికది ఇల్లు కాదు.

ఇక చోటు సంగతి. ఎగరలేని పక్షి రోజంతా కాళ్ళ మీదే ఉంటుంది. కూర్చునే కొయ్య నున్నగా, అంతటా ఒకే లావున ఉంటే బరువంతా ఎప్పుడూ అరికాలిలో ఒకే చోట పడి వాపు వస్తుంది, చీము పడుతుంది, చివరికి ఎముకకు పాకుతుంది. రకరకాల మందంలో కొమ్మలు పెట్టి, వాటికి కొబ్బరిపీచు తాడు చుట్టాలి. పైకి నడిచి ఎక్కడానికి ఏటవాలు బల్లలు పెట్టాలి, లేకుంటే దూకబోయి రొమ్ము పగలగొట్టుకుంటుంది. తిండిగా ఉత్తి కోడిమాంసం ముక్కలు వేస్తే చాలదు. ఎముకతో, తోలుతో సహా పెట్టకపోతే కాల్షియం తగ్గుతుంది. ఇంట్లో ప్రేమగా పెంచుకుంటామనే వాళ్ళను తప్పుపట్టను, కానీ ప్రేమ ఈ పనులేవీ చేసిపెట్టదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పక్షి ప్రభుత్వ ఆస్తి. చేతికి దొరికితే 48 గంటల్లో అధికారులకు తెలపాలి. చట్టాన్ని పక్కన పెట్టినా, గద్ద ఇరవై ఏళ్ళు బతకొచ్చు. ఆ ఇంటాయనకు బదిలీ అయితే?

జూ ఉంది కదా అంటారు. ఊరంతా తిరిగే గద్దను చూడటానికి టికెట్ ఎవరు కొంటారు? అదే రాబందు అయితే లెక్క మారిపోతుంది. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు వల్ల మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే ఎగరలేని రాబందుకైనా సంతానోత్పత్తి కేంద్రంలో పని ఉంటుంది, తిండికీ మనుషులకూ బడ్జెట్ ఉంటుంది. రెంటికీ గాయం ఒకటే, విలువ మాత్రం మన అవసరాన్ని బట్టి.

అసలు చిక్కు ఇక్కడుంది: ఏ చోటూ పనికిరాదని తేలితే? రెక్కను మోచేతి దగ్గర గానీ అంతకు పైన గానీ తీసేయాల్సి వస్తే, వలసపక్షికి సాధారణంగా నొప్పిలేని మరణం ఇవ్వాలనే అమెరికా నిబంధనలు చెబుతాయి. మన దగ్గర అది వినడానికే కష్టం. ప్రాణం తీసే హక్కు మనకెవరిచ్చారన్న ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. కానీ భయంతో జాలీకి కొట్టుకునే డేగను ఏళ్ళ తరబడి పెట్టెలో ఉంచడం కూడా మన నిర్ణయమే, దాని పాలిట విధి కాదు. ఎర్రకోట ఎదురుగా ఉన్న జైనుల పక్షుల ఆసుపత్రి కూడా మాంసం తినే పక్షులను లోపల ఉంచుకోదు. దయకూ హద్దులున్నాయి, గీసేది మనమే. కాలు పోయిన మనిషిని చంపుతామా అని అడిగేవారికి ఒకటే చెప్పగలను: ఆ మనిషి చుట్టూ ఉన్నది ఆయన ప్రపంచమే, పంజరంలోని డేగ చుట్టూ ఉన్నది శత్రువులని అది నమ్మే మనుషులు.

అందుకే చికిత్స చేసి పక్షిని కొత్తచోటికి అప్పగించే కేంద్రం దాని బరువు, అరికాళ్ళ ఫొటోలు, ఏం తింటుంది, దేనికి బెదురుతుంది అన్నవన్నీ రాసివ్వాలి. కొత్తచోట మొదటి మూడు నెలల్లో బరువు తగ్గుతూ పోయినా, కాళ్ళు వాచినా, వెనక్కి తీసుకుంటామని అదే కాగితంలో ఉండాలి. వెనక్కి తీసుకోవడానికి ఖాళీ పంజరం లేని కేంద్రం పక్షిని అప్పగించకపోవడమే మేలు.