చార్మినారు గుమ్మములోని అక్షరము

మా నాయనమ్మ పాత సందుక అడుగున, చీరకొంగు చింపి కట్టిన మూటలో, నిజాము రాజ్యపు హాలీ సిక్కా రూపాయి యొకటి దొరకిననాడు, దానిపై పట్టిన నలుపు నాకు కేవలము మకిలిగనే తోచినందున, చింతపండును ముగ్గును చేర్చి, తళతళ మెఱయువఱకు తోమితిని. పిదప, జీవితమంతయు నాణెముల సేకరణమునకే వినియోగించిన పెద్దమనిషి యొకరు దానిని దీపము క్రింద అటునిటు త్రిప్పి చూచి, "బిడ్డా, ఇన్నేండ్లకు పట్టిన ఛాయను ఒక్క గడియల కడిగేస్తివా!" యని మిక్కిలి ఖేదపడిరి.

గాలిలోని గంధకము తగిలి వెండిపై మెల్లమెల్లగా ఏర్పడిన ఆ పలుచని పొర మాలిన్యము కాదనియు, దానిని తోమివేసినపుడు అచ్చు దెబ్బకు లోహమునకు కలిగిన తొలికాంతియు పోయి, వెండ్రుకవంటి గీతలు శాశ్వతముగా నిలిచిపోవుననియు నేనంతవఱకు నెఱుగను.

వారు భూతద్దమును నా చేతికిచ్చి, చార్మినారు గుమ్మములోనికి చూడుమనిరి. అచ్చట నువ్వుగింజంత యక్షరమొకటి కలదు. నిజాము మహబూబ్ అలీఖాన్ నాటి చార్మినారు రూపాయిలో ఆ గుమ్మమున ఆయన పేరి తొలి యక్షరమగు 'మీమ్' ఉండెడిది. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కగా దాని స్థానమున ఈయన పేరి తొలి యక్షరమగు 'ఐన్' వచ్చినది. హిజ్రీ 1329, 1330 నాటి తొలి రూపాయలపై ఆ 'ఐన్' పొట్టిరూపమున నుండి, తరువాతనే పూర్తి యక్షరమైనది. నేను తోమినది ఆ యరుదైన పొట్టి 'ఐన్' రూపాయియే. 11.18 గ్రాముల బరువు, నూటికి 82 పాళ్ళ వెండి గల యీ రెండు తీరుల రూపాయలును కంసాలి త్రాసులో సమానములే. సేకర్త కంటికి మాత్రము వానినడుమ గల యంతరము గొప్పది.

ప్రాచీనతయే వెల యనుటయు పొరపాటే. విక్టోరియా రాణి రూపాయిపై 1862 అను అంకెనే 1874 వఱకు ముద్రించుచు వచ్చుటచే, అంత పాతదయ్యును అది నేటికిని విరివిగా దొరకును. 1911 నాటి బ్రిటిషువారి కల్దారు రూపాయి దానికంటె వయసున చిన్నదైనను, చక్రవర్తి యలంకారమునందలి చిన్న యేనుగు తొండము పొట్టిదై పందివలె కనబడినదన్న యలజడి చెలరేగుటచే, ముద్రించిన సుమారు 94 లక్షలలో బయటికి వచ్చినవి దాదాపు 7 లక్షలే, తక్కినవి కరగిపోయినవి. ఎన్ని పుట్టినవని కాక ఎన్ని మిగిలినవని, మిగిలినవానిలో ఎన్ని టంకశాల విడిచిననాటి ముఖముతో నున్నవని, వానిని కోరువా రెందఱని విచారించుటయే నాణెపు వెల కట్టుట.

నేడు ఆ రూపాయిని అంచులు పట్టియే యెత్తుచున్నాను. చార్మినారు గుమ్మము చుట్టును సన్నని నలుపు మరల చేరుచున్నది. దానిని తుడువను.