బురద గీత

మొన్న ఆదివారం విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి సింగ్ నగర్‌లో మా మేనత్త ఇంటికి వెళ్లాను. హాలంతా కొత్త రంగు! నా ప్రాణం ఉసూరుమంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వదిలిపోయిన మట్టిగీత స్విచ్‌బోర్డుకి బెత్తెడు పైన ఉండేది.

"చెరిపేశావేంటి అత్తయ్యా?"

"నీకేంరా, చూసి పోతావు. రోజూ దాని కింద కూర్చుని అన్నం తినేది నేను."

వరద గుర్తులు చెరపకూడదన్నది నా పాత పాట. తిరిగొస్తూ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, వానల గుర్తులు చెరగకుండా దాచుకున్న దండక్ గుహ గుర్తొచ్చింది. బస్తర్ అడవిలో ఉందది. పైకప్పు నుంచి చుక్క పడ్డ చోట సున్నం పేరుకుని నేల మీంచి రాయి మొలుస్తుంది. వానలు జోరుగా పడిన ఏళ్లలో ఆ చుక్కలో బరువైన ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. అలాంటి రాయిని కోసి, పొరపొరా కొలిచి, యురేనియంతో వయసు కట్టి, పరిశోధకుడు ఆశిష్ సిన్హా బృందం 2007లో ఒకప్పటి తొమ్మిది వందల ఏళ్ల రుతుపవనాల కథ చదివింది. ఉత్తరార్ధగోళంలో చాలాచోట్ల కాస్త వెచ్చగా ఉన్న 900-1300 మధ్య వానలు మొత్తమ్మీద బాగా పడ్డాయి. 14వ శతాబ్దంలో కరువు మీద కరువు. నన్నయ భారతం మొదలెట్టిందీ, 1213లో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించిందీ ఆ తడి రోజుల్లోనే.

అయితే ఆ రాయి వాన తీరు చెబుతుందే గానీ వరద ఎత్తు చెప్పదు. ఎత్తు తెలియాలంటే నర్మద, తపతి రాతిలోయల్లో పరిశోధకుడు విశ్వాస్ కాలే వెతికినట్టు, వరద సందుల్లో వదిలిన ఒండ్రు దొరకాలి. డెల్టాలో నది దారి మార్చుకుంటూ తన గుర్తులు తనే చెరిపేసుకుంటుంది. అత్తయ్య ఒక్కతే కాదన్నమాట!

పోనీ, ఆ ఎత్తు దొరికిందే అనుకుందాం. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు. కానీ అత్తయ్య ఇల్లు ముంచింది కృష్ణ కాదు, గట్లు తెగిన బుడమేరు. కృష్ణ గురించి వెయ్యేళ్ల లెక్క తీసినా, కొల్లేటికి పోయే ఏటి దారిలో ఇళ్లకు అనుమతి ఎవరిచ్చారో అందులో ఉండదు. ఆ గీత లేఅవుట్ కాగితం మీద పడాలి. అది అత్తయ్య గోడ మోయాల్సిన బరువు కాదు.

రాత్రి ఫోన్ చేసి, "రంగు బాగుంది" అన్నాను.

"స్విచ్‌బోర్డు జానెడు పైకి ఎక్కించా, చూళ్లేదా?" అంది.