మంత్రానికి మరమ్మతు లేదు

జానపద కథల మీద మనకు పుస్తకాలు తక్కువేమీ లేవు. ఏ కథ ఎక్కడ పుట్టింది, ఎన్ని పాఠాంతరాలున్నాయి, మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఎందుకుంది వంటి సంగతులన్నీ పండితులు తరచి తరచి చూశారు. మాంత్రికుడున్న రాజ్యంలో ఎన్ని తరాలు గడిచినా మోటబావి మోటబావిగానే ఎందుకు ఉండిపోయిందని అడిగిన పుస్తకం మాత్రం నాకు ఇదే మొదటిది. అడిగినవాడు మా నరసరావుపేటవాడు, నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని సైన్సు పాఠం మధ్యలో చందమామ చదివినవాడు కావడం మరీ సంతోషం. "మాస్టారూ, మెచ్చుకుని ఊరుకోకండి, ఒప్పుకోలేనివి కూడా రాయండి" అన్నాడు. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు.

పుస్తకం అడిగే ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి రాసిన సీరియళ్లు తీసుకోండి. అందులో మాంత్రికులు ఆకాశంలో ఎగురుతారు, మనుషుల్ని శిలల్ని చేస్తారు, భూతాల చేత చాకిరీ చేయిస్తారు. చిత్ర గారి బొమ్మల్లో మాత్రం అవే కత్తులు, అవే గుర్రాలు, అవే కాగడాలు. విఠలాచార్య సినిమాల్లోనూ అంతే. ఇంత శక్తి ఉన్న లోకంలో ఒక్క అచ్చుయంత్రం, ఒక్క నీటిపంపు పుట్టలేదేం?

రచయిత మూడు కారణాలు చెప్పాడు. మంత్రం ఉంటే యంత్రం అవసరం పడదు. మంత్రం కొద్దిమంది చేతిలోనే ఉంటుంది. రాజులు మాంత్రికుణ్ణి పోషిస్తారు తప్ప కమ్మరిని పోషించరు. ఈ మూడింటికీ కథల్లోంచి, సినిమాల్లోంచి అతను ఏరుకొచ్చిన ఉదాహరణలు చదువుతుంటే పొద్దు తెలియదు. రెండో కారణం, మూడో కారణం నాకు సమ్మతమే. మొదటిదానితోనే పేచీ.

అవసరం లేకపోవడమేమిటి? 1951 నాటి 'పాతాళభైరవి'లో తోటరాముడు తోటమాలి కొడుకు. దేవి విగ్రహం చేతికి రాగానే అతనికి మేడ వెలిసింది, రాకుమారి కోసం తలెత్తుకుని నిలబడే హోదా వచ్చింది. ఉజ్జయినిలో మిగిలిన తోటమాలుల సంగతి? వాళ్లు పాదులకు నీళ్లు మోస్తూనే ఉన్నారు. మాయ ఉన్న రాజ్యంలో కూడా నూటికి తొంభైతొమ్మిది మందికి మాయ దక్కదు. వాళ్ల నడుములు నొప్పెడుతూనే ఉంటాయి, వాళ్ల పొలాలు ఎండుతూనే ఉంటాయి. అవసరానికి కొదవ లేదు. కొదవ వేరే చోట ఉంది.

ఆ చోటు ఏదో నాకు తోచినంతలో చెబుతాను. మంత్రం ఫలించకపోతే తప్పు ఎవరి మీదికి పోతుంది? సాధకుడి మీదికి. అక్షరం తప్పాడు, దీక్ష చెడింది, ముహూర్తం దాటింది, మనసు నిలవలేదు అంటారు. మంత్రమే తప్పేమోనన్న మాట ఎవరి నోటా రాదు. వానలు పడకపోతే మన పల్లెల్లో విరాటపర్వం చదివించడం పెద్దల కాలం నుంచీ ఉన్నదే. చదివించినా వాన రాకపోతే ఊళ్లో ఎవరి పాపమో అడ్డుపడిందనేవారు. పద్ధతి ఎప్పుడూ నిర్దోషి, మనిషే ఎప్పుడూ దోషి. అలాంటి చోట ఓటమి నుంచి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. చేసిన పనిలో లోపం ఉందని ఒప్పుకోని లోకంలో పనిముట్టు బాగుపడే దారే లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ మా ఊరి వైండింగ్ షాపులో రోజూ దొరుకుతుంది. వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టల మీద బోర్లు వేసుకున్న రైతు కాలిన మోటారును ఆటోలో వేసుకొస్తాడు. మెకానిక్కు దాన్ని విప్పి, ముందుగా వాసన చూస్తాడు. తర్వాత మాడిన కాయిల్ కోసి, చుట్లు ఒక్కొక్కటే లెక్కపెడతాడు. తీగ మందం గేజుతో చూస్తాడు. ఆ రెండు అంకెలూ జిడ్డు పట్టిన నోటుబుక్కులో రాసుకున్నాకే కొత్త రాగితీగ ముట్టుకుంటాడు. ఓల్టేజీ పడిపోయిందా, నీళ్లు లేకుండా మోటారు తిరిగిందా, బేరింగు పట్టేసిందా అని రైతును అడుగుతాడు. నీ జాతకం బాగాలేదా అని అడగడు. ఆ నోటుబుక్కు రేపు అతని దగ్గర పనిచేసే కుర్రాడికి పనికొస్తుంది, ఆ కుర్రాడు పిడుగురాళ్లలో షాపు పెట్టుకుంటే అక్కడికీ పోతుంది. మాంత్రికుడి గుహలో తాళపత్రాలుంటాయి గానీ ఇలాంటి నోటుబుక్కు ఉండదు.

గోప్యం సంగతి రచయిత బాగా పట్టుకున్నాడు. దానికి మన నేల మీదే సాక్ష్యముంది. నాగార్జునసాగర్ నీళ్ల కింద మునిగిన నాగార్జునకొండ ఇక్ష్వాకుల విజయపురి. 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, దొరికిన కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. బౌద్ధాచార్యుడు నాగార్జునుడు, రసవాదం తెలిసిన సిద్ధ నాగార్జునుడు జనం నోట ఒక్కరైపోయారు. కొండల్ని బంగారం చేయగల సిద్ధుడిగా ఆయన కథల్లో మిగిలాడు. రసవాద గ్రంథాల నిండా పాదరసం, గంధకం, మూసలు, పుటాలు. పని చేత్తో చేసి చూసినవాళ్లు రాసిన పుస్తకాలవి. అయితే అదంతా గూఢభాషలో రాసి, అర్హుడు కానివాడికి చెప్పవద్దని కట్టడి చేశారు. ఐరోపాలో రసవాదులూ అదే చేశారు. న్యూటన్ అంతటివాడు రసవాదం మీద రాశులకొద్దీ కాగితాలు రాసి, బతికుండగా అచ్చు వేయలేదు. ఆయన కాంతి మీద చేసిన ప్రయోగాలు మాత్రం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అది 1665లో మొదలైన పత్రిక. అచ్చులో చూసినవాళ్లు తప్పులు పట్టారు, వాదించారు, మళ్లీ చేసి చూశారు. దాచిన పని ఆయనతోనే ఆగింది, బయటపెట్టిన పని లోకాన్ని మార్చింది.

నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసలో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. అలాంటి మన ఉక్కు రహస్యం తెలుసుకోవాలని 1820 ప్రాంతంలో ఫారడే లండన్‌లో ప్రయోగాలు చేశాడు. ఆ కొలుములు ఎందుకు ఆరిపోయాయంటే చౌక విదేశీ ఉక్కు, బొగ్గుకు అడవులు కరువవడం, గిరాకీ పడిపోవడం – అన్నీ కారణాలే. వాటితో పాటు మరొకటి ఉంది. ఆ విద్య కొన్ని కుటుంబాల చేతుల్లోనే ఉండి, తండ్రి కొడుక్కి చూపించి నేర్పినదే తప్ప ఆ పనివాళ్లు దాన్ని కాగితం మీదికి ఎక్కించలేదు. కొలిమి ఆరితే విద్యా ఆరిపోయింది. ఇక్కడ మంత్రం లేదు, మాయ లేదు, అయినా మాయాలోకం గతే పట్టింది. అందుకే నేననేది, అభివృద్ధిని ఆపేది మంత్రం కాదు, మంత్రం చుట్టూ కట్టిన గోడ.

కారెంపూడి వీరుల ఉత్సవం మీద ఈ పుస్తకంలో ఉన్న అధ్యాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. కార్తిక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు సాగే ఆ పండుగలో పూజలందుకునేవి వీరుల ఆయుధాలు. అది స్మరణ, దానికి చేతులెత్తి మొక్కుతాను. రచయిత గమనించింది వేరే విషయం. మాయాలోకపు కథల్లో ఆయుధం ఎంత పాతదైతే అంత గొప్పది. తాత కత్తి తండ్రి కత్తి కన్నా పదును, దేవుడిచ్చింది అన్నిటికన్నా పదును. జ్ఞానమంతా గతంలోనే ఉందనుకున్న లోకంలో కొత్త కత్తి ఎవడు చేస్తాడు? ఈ ఒక్క వాక్యం కోసమైనా పుస్తకం కొనవచ్చు.

పరాయి దేశాల కథల మీద రాసిన భాగం కొంచెం హడావిడిగా సాగింది. టోల్కీన్ లోకంలో వేల ఏళ్లు గడిచినా కత్తి కత్తిగానే ఉండటానికి ఆయన ఇష్టమే ముఖ్య కారణం. 1916లో సోమ్ యుద్ధరంగంలో యంత్రాలు మనుషుల్ని నూర్చడం చూసివచ్చినవాడాయన. ఆయన కథలో చెట్లు నరికి యంత్రాలు పెట్టేవాడు దుర్మార్గుడు కాక మరేమవుతాడు? బ్రాండన్ శాండర్సన్ 'మిస్ట్‌బార్న్' లోకంలో మాత్రం మొదటి కథ ముగిసిన మూడు వందల ఏళ్ల తర్వాత రైళ్లు, తుపాకులు వస్తాయి. అక్కడ ఏ లోహం ఏ శక్తినిస్తుందో లెక్క ఉంది, లెక్క ఉన్నచోట పరీక్ష ఉంటుంది. నా వాదానికి ఇంతకన్నా సాయం అక్కర్లేదు.

రచయిత వదిలేసిన సంగతి ఒకటుంది. 1957 నాటి 'మాయాబజార్'లో చూసేవాళ్లకు ప్రియమైనదాన్ని చూపించే ప్రియదర్శిని పెట్టె ద్వారక మొత్తానికి ఒక్కటే. రెండోది చేద్దామని అక్కడెవరికీ తోచలేదు. ఆ సినిమా తీసినవాళ్లకు తోచింది. ప్రతి సీను నిడివిని షూటింగుకు ముందే లెక్కకట్టుకునే కె.వి.రెడ్డి గారు, వెన్నెలను కెమెరాతో పుట్టించిన మార్కస్ బార్ట్‌లే గారు కలిసి ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరేలా చేశారు. కుదరకపోతే మళ్లీ తీశారు. మంత్రంలో లేనిదీ సినిమాలో ఉన్నదీ ఆ రీటేకు.

మన పల్నాడులో లోపం వెతికి దిద్దుకునే ఆ అలవాటు ఇప్పుడు పెద్ద పనుల్లోనూ చూస్తున్నాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగరు నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటిదాకా మెట్టపంటలే దిక్కనుకున్న ఊళ్లు వరి వేశాయి. 2021 ఆగస్టు 5న పులిచింతలలో పదహారో గేటు కొట్టుకుపోయినప్పుడు ఎవరి పాపమని ఎవరూ ఆరా తీయలేదు. ఏ భాగం విరిగిందని అడిగారు. నీళ్లు వదిలి, స్టాప్‌లాగులు దించారు. రెండో ముద్రణలో ఈ కథ చేర్చమని రచయితకు నా సలహా. కోటప్పకొండ ప్రభలు కూడా చేర్చాలి. వెదురు కట్టి గుడ్డ చుట్టిన ప్రభ విద్యుత్ ప్రభగా ఎలా మారిందో, పక్క ఊరి ప్రభను చూసి మన ఊరివాళ్లు ఏం నేర్చుకున్నారో రాస్తే, భక్తి ఉన్నచోట కూడా పనితనం పెరుగుతుందని తెలుస్తుంది.

భాష సరళంగా ఉంది. వ్యంగ్యం ఉంది గానీ వెక్కిరింత లేదు. మంత్రాల కథల్ని ప్రేమించినవాడే వాటిని ఇంత గట్టిగా ప్రశ్నించగలడు. బడి లైబ్రరీలో ఉండదగ్గ పుస్తకం ఇది. టీచర్లు పిల్లల చేత చదివించండి, ఆ ప్రశ్నలు వాళ్లను అడగనివ్వండి. చదివాక తప్పులు కనిపిస్తే మొహమాటపడకుండా రచయితకు ఉత్తరం రాయండి. దిద్దుకుంటాడు.