పూర్వికుని జాడ: ఓడపట్టిక, యాత్రాగ్రంథము

పెన్సిల్వేనియాకు వలసవచ్చిన జర్మను పూర్వికుని జాడ వెదకువారికి తరచుగా మొదట దొరకునది ఒక చేవ్రాలు. 1727 నుండి ఫిలడెల్ఫియా రేవున దిగిన జర్మను పురుషులు బ్రిటిషు రాజునకు విధేయతా ప్రమాణము చేసి పట్టికలో సంతకము పెట్టవలసియుండెను. వ్రాత రానివారి పేర్లను గుమాస్తాలు తమకు వినబడినట్లు వ్రాసికొనిరి. ఆ ప్రమాణ పట్టికలలో స్త్రీలకు, పసివారికి సాధారణముగా చోటు లేదు.

ఈ లోటును కొంత తీర్చునది గోట్లీబ్ మిట్టెల్‌బెర్గర్ 1756లో ప్రకటించిన యాత్రాగ్రంథము. 1750లో వెళ్లి 1754లో స్వదేశమునకు మరలిన ఈ ఉపాధ్యాయుడు ఓడలోని ఆకలిని, రోగములను వర్ణించెను. బాడుగ చెల్లింపలేనివారిని ఏండ్ల తరబడి సేవకు అమ్మిన విధమును, తల్లిదండ్రులకు దూరమైన బిడ్డల గతిని తెలిపెను. అయితే స్వదేశీయులను వలసనుండి మరలించుటయే ఆయన ఉద్దేశము. కావున సేవాకాలము తీరిన పిమ్మట భూమి సంపాదించి నిలద్రొక్కుకొన్నవారి కథ అందు మరుగుపడినది.

పట్టికలో పేరున్నది, బ్రతుకు లేదు. గ్రంథమున బ్రతుకున్నది; అది ఫలానావానిదే యనుటకు ఆధారము లేదు. గ్రంథములోని దుఃఖమును పట్టికలోని పేరునకు అంటగట్టుట చరిత్ర కాదు. సేవాపత్రము, భూమిపత్రము, చర్చిలోని జనన వివాహముల లెక్క సాక్ష్యమిచ్చినంతవరకే పూర్వికుని కథ చెప్పదగును.