‘మదర్ కరేజ్’ను మన ఊళ్లో ఆడితే

ఈ భాగంలో మీరు పరిశీలించబోయే నాటకం ‘మదర్ కరేజ్ అండ్ హర్ చిల్డ్రన్’. నాజీల పాలన నుంచి తప్పించుకున్న జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్, స్వీడన్‌లో తలదాచుకున్న రోజుల్లో 1939లో దీన్ని రాశాడు. కథ కూడా స్వీడన్‌లోని డాలర్నా ప్రాంతంలోనే మొదలవుతుంది. కాలం ముప్ఫై ఏళ్ల యుద్ధం (1618–1648). ఆనా ఫియర్లింగ్ సైన్యాల వెంట బండి కట్టుకుని తిరుగుతూ సరుకులు అమ్ముతుంది. యుద్ధం మీద బతుకుతూనే తన ముగ్గురు పిల్లలను ఆ యుద్ధం నుంచి కాపాడుకోవాలనుకుంటుంది. ముగ్గురూ పోతారు. ఆమె, బండి మిగులుతాయి.

దీన్ని చదివేటప్పుడు పల్నాటి కథను గుర్తుచేసుకోండి. అక్కడ మాంచాల భర్తను యుద్ధానికి సాగనంపుతుంది. మన యుద్ధకథల్లో స్త్రీ సాధారణంగా వీరత్వానికి వెన్నుదన్ను. మరి ఆనాకు ‘కరేజ్’ అన్న పేరు ఎలా వచ్చింది? రీగా నగరం మీద ఫిరంగులు పేలుతుంటే ఆమె బండి తోలుకుంటూ వెళ్లిపోయింది. బండిలో ఉన్న యాభై రొట్టెలు బూజు పట్టేలా ఉన్నాయి మరి! ఆమె ధైర్యం అంతా అంతే.

భట్టిప్రోలులోనో రేపల్లెలోనో ఈ నాటకం వేయాలనుకోండి. 1949లో బెర్లిన్‌లో తిరిగే రంగస్థలం మీద బండిని నడిపించారు. మనకు ఆ సదుపాయం లేదు. అవసరం కూడా లేదు. బడి ఆవరణలో జనం చుట్టూ కూర్చుంటే నిజమైన బండినే మధ్యలో తిప్పవచ్చు. మొదట్లో కాడి మోసేది ఇద్దరు కొడుకులు. చివరికి తల్లి ఒక్కతే. కాడి బరువు తెలిసిన ప్రేక్షకులకు దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ప్రతి రంగానికీ ముందే అందులో ఏం జరగబోతోందో బ్రెహ్ట్ చెప్పేస్తాడు. ఇది మనకు కొత్త కాదు. పల్నాటి యుద్ధం ఎలా ముగుస్తుందో తెలిసే జనం షేక్ నాజర్ బుర్రకథకు వెళ్లేవారు. కథకుడి పక్కన హాస్యం చెప్పే వంత, రాజకీయం చెప్పే వంత ఉంటారు కదా, వాళ్లను ఈ నాటకంలోకి తేలిగ్గా తీసుకురావచ్చు. అయితే ఒక ప్రమాదం ఉంది. బుర్రకథ ఊపు సహజంగా వీరరసం వైపు లాగుతుంది. ఈ నాటకంలో ఆ ఊపు వచ్చినచోటల్లా వంతగాడు దాన్ని వెక్కిరించాలి. లేకపోతే బ్రెహ్ట్ పోయి బొబ్బిలి యుద్ధం మిగులుతుంది.

మూగ కూతురు కాట్రిన్ ఇంటి కప్పెక్కి డప్పు కొట్టి, నిద్రపోతున్న హాలే పట్టణాన్ని లేపుతుంది. సైనికులు ఆమెను కాల్చేస్తారు. డప్పు మోగితే చాటింపు అని మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. నా ఉద్దేశంలో తెలుగు ప్రదర్శనలో అన్నిటికంటే బలంగా తగిలే ఘట్టం ఇదే. దీనికి నేపథ్య సంగీతం పెట్టకండి.

అసలు చిక్కు తల్లి పాత్ర దగ్గర వస్తుంది. రెండో కొడుకును విడిపించడానికి లంచం ఇవ్వాలి. ఆమె బేరమాడుతుంది. బేరం తెగేలోపే తుపాకులు పేలుతాయి. మన నటి ఇక్కడ గుండెలు బాదుకుని ఏడిస్తే చప్పట్లు ఖాయం. కానీ ఆ ఏడుపులో బేరం సంగతి కొట్టుకుపోతుంది. 1941లో జ్యూరిచ్‌లో తొలి ప్రదర్శన చూసినవారు ఆమెను కేవలం దుఃఖించే తల్లిగానే చూశారని బ్రెహ్ట్ కొన్ని ఘట్టాలు తిరగరాశాడు. బెర్లిన్‌లో హెలెన్ వైగెల్ ఆ చోట తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, శబ్దం లేకుండా అరిచింది. సింగపూర్ మీద బాంబులు పడినప్పుడు కొడుకు శవం దగ్గర కూర్చున్న ఒక భారతీయ స్త్రీ పత్రికా ఫొటో నుంచి ఆ ముఖకవళిక వచ్చి ఉండవచ్చని బ్రెహ్ట్ తన ప్రదర్శన వివరణల్లో రాశాడు. అంటే మనం పరాయిదనుకునే ఈ నటనలో మన ఇంటి దుఃఖమే ఒకటి దాగి ఉంది.

ప్రేక్షకుడు ఏడవకూడదని నేననను. ఏడ్చిన తర్వాత కూడా ఆ బేరం అతనికి గుర్తుండాలి. చివరి రంగంలో వైగెల్ చేసిన పని చూడండి: కూతురిని పూడ్చిపెట్టమని రైతులకు ఇవ్వడానికి డబ్బులు తీస్తుంది, లెక్కపెడుతుంది, అందులో ఒక్క నాణెం తిరిగి సంచిలో వేసుకుంటుంది. ఆ తర్వాత బండి కాడి భుజానికెత్తుకుంటుంది.