చేపలు చెట్టెక్కే విద్య

సమస్యాపూరణం రుచి తెలియాలంటే వినడం కాదు, ఒకసారి ఇరుక్కుని చూడాలి. నేనే కట్టిన కందపాదం ఒకటి ఇస్తాను:

చేపలు చెట్లెక్కి మేసెఁ జిగురాకులనే

ఇది నాలుగో పాదం. పై మూడూ మీరు చెప్పాలి. యతి, ప్రాస తప్పకూడదు, అర్థం కుదరాలి. చేపని చెట్టెలా ఎక్కిద్దామా అని ఆలోచిస్తే తెల్లారిపోతుంది. అసలు అక్కడ చేప ఉందని మీకెవరు చెప్పారు? మూడో పాదం చివర ఒక్క ‘కా’ పెట్టి చూడండి:

ఆ పొలమున మేఁకయె కా
చే పలు చెట్లెక్కి మేసెఁ జిగురాకులనే

చేపలు మాయం. ‘కాచే పలు చెట్లు’ మిగిలాయి, మేక తన పని తాను చేసుకుంది. ‘కాచే’ ఏమిటి, ‘కాచెడు’ అనాలి కదా అని పండితులు నా మీదికొస్తారు, రానివ్వండి. దీనికి నాకు ఒక బస్సు ప్రయాణమంతా పట్టింది. అదే అష్టావధానంలో అయితే అవధాని చుట్టూ ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది ఉంటారు. నిషిద్ధాక్షరివాడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు, అప్రస్తుత ప్రసంగి మధ్యలో దూరి మీ ఇంట్లో ఈరోజు కూరేమిటని అడుగుతాడు. అంత గోలలోనూ అవధాని ఆవృత్తానికో (అంటే చుట్టుకో) పాదం చెప్పుకుంటూ పోయి, చివర పద్యాలన్నీ ధారణలో అప్పజెబుతాడు. అది మనిషి బుర్రేనా!

సమస్యకి మాటని ఇలా విరవడం ఒక్కటే దారి కాదు. ‘సీత భీముని తల్లి’ అన్నారనుకోండి. జనకుని కూతురెవరు, కుంతి ఎవరికి తల్లి అని పై పాదాల్లో వరసగా అడిగేస్తే, సమస్యే జవాబైపోతుంది. దీన్ని క్రమాలంకారం అంటారు. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందన్న సమస్యకు తెనాలి రామకృష్ణుడు విరాటుడి కొలువులో చేరిన పాండవుల కథ తెచ్చాడని చాటువు. అక్కడ మాటని విరవలేదు, ఏనుగెవరో దోమెవరో మార్చాడు.

1967లో ఎడ్వర్డ్ డి బోనో ఇలాంటి పక్కదారి ఆలోచనకి ‘లాటరల్ థింకింగ్’ అని పేరు పెట్టాడు. అసాధ్యమైన మాటొకటి కావాలనే అనుకుని, దాన్ని కొట్టిపారేయకుండా అక్కణ్ణించి ఆలోచన సాగించమన్నాడు. మన పృచ్ఛకుడు చేసేదీ అదే, కాకపోతే ఛందస్సుతో కాళ్లు కట్టేసి మరీ పరిగెత్తమంటాడు.

ఇక మహానుభావుల మాట. మేడసాని, మాడుగుల, గరికిపాటి వంటివారు సహస్రావధానాల దాకా వెళ్లారు. కానీ నా దేవుళ్లు తిరుపతి వెంకట కవులే. సంస్కృతంలో గాని తెలుగులో గాని మమ్మల్ని గెలిస్తే మీసాలు తీసేస్తామని పద్యంలోనే పందెం కాసిన జంట! వారిలో చెళ్లపిళ్ల 1949లో మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి అయ్యారు. వారికి పోటీగా నిలిచిన కొప్పరపు కవుల అభిమానులు ఈపాటికి పత్రిక విసిరికొట్టి ఉంటారు. వారి ఆశుధార వేగం నేను కాదనను. కానీ జారుడుకీ జాణతనానికీ తేడా ఉంది, అంతే అంటాను.

అలాంటి విద్య ఇప్పుడేమైందో చూస్తేనే మండుతుంది. మొన్నామధ్య ఒక ఊళ్లో సభ. మొదటి ఆవృత్తంలో పృచ్ఛకుడు సమస్య చదివాడో లేదో, అవధానిగారు గుక్క తిప్పుకోకుండా నాలుగు పాదాలూ చెప్పేశారు. చప్పట్లు మోగిపోయాయి. నా పక్కనున్న పెద్దాయన మాత్రం చేతులు కట్టుకుని, ‘నిన్న రాత్రి భోజనాల దగ్గరే అయిపోయిందిలే బాబూ’ అన్నారు. వడ్డించిన విస్తరి! దానికి శాలువా, పూలదండ, పైన బిరుదొకటి.

అంతకన్నా ఘోరం కల పూరణలు. ఎంత అసందర్భమైన సమస్యయినా ‘అని తాగుబోతు వాగెను’, ‘అని కలగంటిని’ అంటే పూరించినట్టేనా? పూర్వం చమత్కారానికి ఎప్పుడో ఒకసారి వాడితే వాడి ఉండొచ్చు. ఇప్పుడు ఫోన్ల గుంపుల్లో పొద్దుటికి పది పూరణలు వస్తే అందులో ఆరుగురు తాగి ఉంటున్నారు. ముడి విప్పమంటే దారం తెంపేసినట్టు!

అవధానుల్ని అని ఏం లాభం, తప్పు మనదీను. గట్టి సమస్య ఇచ్చే పృచ్ఛకుడేడీ? అయ్యా, సభకి వెళితే ముందు వరసలో ఫొటోకి కాదు, జేబులో ఎవరికీ చూపని పాదం ఒకటి పెట్టుకు వెళ్లండి. ఆయన తడబడినా పరవాలేదు, ఆ తడబాటు చూడ్డానికే టిక్కెట్టు కొనొచ్చు.

నా జేబులోది ఇదీ:

నరులకు తోకలు గలవట నగరంబందున్

పూరించి పంపండి. కలొచ్చిందని మాత్రం రాయకండి.